గాల్లో గిరికీ కొట్టేసరికి చెరువు నీళ్లు వాలిపోతున్నాయి: ఇంట్లో చేసుకున్న గైరో గింబల్‌కు సాయం కావాలి

నీవా_వీడియో, చిత్తూరు

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో పెళ్లి వీడియోలు తీస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పని. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆగిపోయింది, విడిభాగాలకు మాత్రం అడ్డు లేదు. అందుకని ఆరు మోటార్ల డ్రోన్ ఒకటి సొంతంగా కట్టుకున్నాను. నడపడానికి శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ కూడా తెచ్చుకున్నాను. డ్రోన్ బాగానే ఎగురుతోంది. ఇబ్బందంతా దాని కింద కెమెరాను ఒరగకుండా మట్టంగా పట్టుకునే గింబల్‌తోనే.

గింబల్ కూడా నేనే చేశాను. మూడు మిల్లీమీటర్ల మందం, పాతిక మిల్లీమీటర్ల వెడల్పున్న అల్యూమినియం పట్టీని తెలిసిన వెల్డింగ్ షాపులో వంచించి మూడు చేతులు చేయించాను. మూడు బ్రష్‌లెస్ గింబల్ మోటార్లు, 32 బిట్ కంట్రోలర్ బోర్డు, కెమెరా కూర్చునే పళ్లెం కింద సెన్సర్ (తిరిగే వేగం కొలిచే గైరో, కింద ఎటో చూపే యాక్సిలరోమీటర్ రెండూ అందులోనే). కెమెరా నా పాత మిర్రర్‌లెస్. లెన్స్, బ్యాటరీ, కార్డు అన్నీ పెట్టి పక్కనున్న కిరాణా అంగడి కాటాలో తూస్తే 520 గ్రాములు. గింబల్‌ను డ్రోన్‌కు తగిలించే చోట బైకు సైలెన్సర్‌కు వేసే రబ్బరు బుష్‌లు నాలుగు పెట్టాను.

ఎందుకింత తాపత్రయమంటే, మా మేనమామ ఊరు రామచంద్రాపురం మండలంలో రాయల చెరువు కట్ట కింద ఉంది. కృష్ణదేవరాయల కాలం నాటి చెరువని అక్కడ చెప్పుకుంటారు. 2021 నవంబర్ వానలకు కట్టలో నీళ్లు కారడం మొదలైంది. కింద ఊళ్లన్నీ ఖాళీ చేయించారు. మామ రెండు ఆవులను తోలుకుని, అత్తను ఎవరిదో ట్రాక్టర్ ఎక్కించి, తను మాత్రం చీకట్లో నడిచి వెళ్లాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "కట్ట ఉంటే ఊరుంటాది రా" అన్నాడు. కట్ట నిలబడింది. ఆ కట్టను పైనుంచి ఒక్క షాట్‌లో, ఎక్కడా కట్ లేకుండా తీసి ఆయనకు చూపించాలని నా కోరిక. కట్ట నడిమధ్యన గాల్లో గిరికీ కొడుతూ ముందుకు చూసే కెమెరాలో మొదట నీళ్లు, తర్వాత ఒక కొండ, తర్వాత కింద పొలాలు, ఊళ్లు, అటుపక్క కొండ, మళ్లీ నీళ్లు రావాలి. అంతే.

ఇప్పుడు సమస్య చెబుతాను. ఒకే చోట నిలిపితే హొరైజన్, అంటే నేలా ఆకాశం కలిసే చోటు, గీత గీసినట్టు ఉంటుంది. తిన్నగా పోయినా బాగుంటుంది. 50 మీటర్ల వ్యాసార్ధంతో, సెకనుకు 7 మీటర్ల వేగంతో ఎడమకు గిరికీ మొదలుపెట్టిన పది సెకన్లకు మెల్లగా వాలడం మొదలవుతుంది. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఐదు డిగ్రీల పైనే. వీడియోను ఆపి, స్క్రీన్ మీద గీత గీసి కొలిచాను. డ్రోన్‌ను ఆపేస్తే పావు నిమిషంలో అదే మట్టానికి వచ్చేస్తుంది. కొండలు వాలితే కొంత సరిపెట్టుకోవచ్చు. నీరు పల్లమెరుగు అంటారు. ఆ నీళ్లే ఒక పక్కకు ఎత్తుగా కనిపిస్తుంటే చూడబుద్ధి కావడం లేదు.

ఇంకో రెండు ఉన్నాయి. థ్రాటిల్ పెంచినప్పుడు బొమ్మ పల్చటి జెల్లీలా అలలు అలలుగా ఊగుతోంది. కెమెరాను నిట్టనిలువుగా కిందికి దించితే మోటార్లు గుంయ్‌మని మోగుతున్నాయి, చెయ్యి పెడితే వేడిగా ఉన్నాయి.

మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి యాక్సిలరోమీటర్‌ను ఆరు పక్కలా కాలిబ్రేట్ చేశాను, మూడుసార్లు. గైరో కాలిబ్రేషన్ ప్రతిసారీ చేస్తున్నాను. మోటార్లు ఎంత గట్టిగా సర్దుకోవాలో చెప్పే పీఐడీ విలువలు ఎన్నిసార్లు మార్చానో లెక్కలేదు. సెన్సర్ నకిలీదేమో అనే అనుమానంతో నిద్ర పట్టడం లేదు. కొత్తది కొనమంటారా? చూసి చెప్పండి.

కుప్పం_గాలిపటం

అన్నా, బోర్డుతో పాటు సెన్సర్ కూడా మార్చెయ్. తక్కువ ధరలో దొరికేవాటిలో గైరో డ్రిఫ్ట్, అంటే లెక్క మెల్లగా పక్కకు జారడం, ఎక్కువ. నాకు చిన్న డ్రోన్ ఉంది, దానికి ఇలా ఎప్పుడూ జరగలేదు. లేదంటే గైరో డేటాతో వీడియోను తర్వాత నిలకడ చేసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే ఉన్నాయి, గైరోఫ్లో లాంటివి. అందులో హొరైజన్‌ను మట్టంగా ఉంచే హొరైజన్ లాక్ కూడా ఉంది. గింబల్ మీద ఇంత కష్టపడటం అవసరమా అనిపిస్తోంది. నువ్వు తీయాలనుకున్న షాట్ మాత్రం చాలా బాగుంది.

లేత్_పని, తిరుపతి

నాయనా, ఏదీ కొనొద్దు, కాస్త ఆగు.

నేను ఇక్కడి రైల్వే క్యారేజ్ వర్క్‌షాపులో 31 ఏళ్లు పని చేసి రిటైరయ్యాను. బోగీల స్ప్రింగులూ డంపర్లే నా జీవితం. నీ హొరైజన్ సంగతి నాకు తెలియదు, అది ఎలక్ట్రానిక్స్ వాళ్లు చెప్పాలి. జెల్లీ సంగతీ ఆ గుంయ్ సంగతీ మాత్రం నేను చెప్పగలను.

ముందు రబ్బరు. సైలెన్సర్ బుష్ చేసిందే గట్టిగా పట్టుకోవడానికి. నీకు కావలసింది మెత్తగా వదిలేది. గింబల్ బరువు లేనప్పుడు రబ్బరు పైపట్టీకీ కిందిపట్టీకీ మధ్య దూరం స్కేలుతో కొలువు. బరువు వేలాడదీసి మళ్లీ కొలువు. ఎన్ని సెంటీమీటర్లు సాగిందో దాని వర్గమూలంతో 5ను భాగించు. అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క వస్తుంది. ఒక సెంటీమీటర్ సాగితే 5 సార్లు. రెండున్నర మిల్లీమీటర్లు సాగితే 10 సార్లు. ఒక మిల్లీమీటరే సాగితే దాదాపు 16. నిజం రబ్బరు ఈ లెక్క కన్నా కొంచెం గట్టిగానే ఉంటుంది, కానీ అంచనాకు చాలు. బోగీ కింద స్ప్రింగుకైనా నీ గింబల్‌కైనా ఇదే లెక్క.

ఇప్పుడు నీ ప్రొపెల్లర్ నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుందనుకో. సెకనుకు 83 అదురులు. రబ్బరు తన సొంత ఊపుకు 1.4 రెట్లు దాటిన అదురును మాత్రమే తగ్గించగలదు. ఎంత దాటితే అంత మంచిది. రబ్బరు ఊపు 35 దగ్గర ఉంటే అదురులో ఐదో వంతు కెమెరాలోకి దిగిపోతుంది. 10 దగ్గర ఉంటే అరవయ్యో వంతు కూడా దిగదు. కెమెరా సెన్సర్ పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో వరుసనూ కొంచెం కొంచెం ఆలస్యంగా చదువుతుంది కదా, ఆ లోపల కెమెరా అదిరితే ఒక్కో వరస ఒక్కో చోట పడుతుంది. నీ జెల్లీ అదే.

మరీ మెత్తగా పెట్టినా కష్టమే, గింబల్ మొత్తం ఉయ్యాల ఊగుతుంది. రబ్బర్లను దగ్గర దగ్గరగా కాక నాలుగు మూలలకూ దూరంగా పెట్టు. అప్పుడు పైకీ కిందికీ కదిలినా పక్కలకు తిరగదు. దూరాన ఉన్న కొండను తీసేటప్పుడు కెమెరా రెండు మిల్లీమీటర్లు పైకి పోతే ఏమీ తెలియదు. అదే కెమెరా పావు డిగ్రీ తిరిగితే కొండ మొత్తం కదిలిపోతుంది. ఒకవేళ రబ్బరు ఊడినా కెమెరా కింద పడకుండా నైలాన్ తాడు ఒకటి వదులుగా కట్టి ఉంచు.

ప్రొపెల్లర్లు బ్యాలెన్స్ చేశావా? ఆ మాట నువ్వు రాయలేదు. సన్నటి నున్నటి ఉక్కు కమ్మీని దాని రంధ్రంలో బిగుతుగా దూర్చి, రెండు గాజు గ్లాసుల అంచుల మీద పెట్టు. బరువున్న రెక్క కిందికి పోతుంది. తేలికైన రెక్క వెనక సెలోటేపు ముక్క అంటించు. ఏ రెక్కా దిగకుండా ఎలా వదిలితే అలా నిలిచేదాకా చెయ్యి. ఆరింటికీ ఓ పూట పడుతుంది. అదురును పుట్టిన చోటే చంపడం కన్నా మంచి పని లేదు.

ఇక కిందికి చూస్తే మోగడం. గింబల్‌కు కరెంటు తీసేయి. కెమెరాను మట్టంగా పెట్టి వదిలితే నిలుస్తుంది, అవునా? అది ముందు వెనకల బ్యాలెన్స్. ఇప్పుడు 45 డిగ్రీలు కిందికి వంచి వదులు. ఇంకా కిందికి పోతే పైభాగం బరువు. వెనక్కి లేచి మట్టానికి వస్తే కింది భాగం బరువు. చాలామంది అలా లేచి రావడం మంచిదనుకుంటారు. కాదు. అది లోలకం. డ్రోన్ ముందుకు దూకినప్పుడల్లా ఊగుతుంది, దాన్ని ఆపడానికి మోటారు కరెంటు తాగుతుంది. కెమెరాను ఏ కోణంలో వదిలితే ఆ కోణంలోనే నిలవాలి. ముందు కెమెరా వంగే ఇరుసు, తర్వాత పక్కకు ఒరిగే ఇరుసు, చివరికి చుట్టూ తిరిగే ఇరుసు. ఆ వరుస తప్పొద్దు. లెన్స్ మూత తీసి, కార్డు పెట్టి, నువ్వు తీసేటప్పుడు ఏ జూమ్‌లో ఉంటుందో ఆ జూమ్‌లోనే చూడు.

నేను కూడా ఒకప్పుడు గైరో పిచ్చిలో పడ్డాను. నిజం గైరో, తిరిగే చక్రం. లేత్ మీద ఇత్తడి చక్రాలు రెండు తీశాను. 60 మిల్లీమీటర్ల వ్యాసం, 12 మందం, ఒక్కోటి 290 గ్రాములు. ఒకదాని ఇరుసు ఇంకోదానికి అడ్డంగా పెట్టి, వీడియో కెమెరా కింద బిగించి స్కూటర్ వెనక కూర్చుని అలిపిరి రోడ్డులో తీశాను. చక్రం వేగం అందుకున్నాక కెమెరాను చేత్తో తిప్పబోతే అదేదో ప్రాణమున్న జంతువులా ఎదురు తిరిగేది. ఎడమకు నెడితే తల దించేది. నాలుగు రోజులు ఆశ్చర్యపోతూనే ఉన్నాను. అమెరికాలో కెన్యన్ వాళ్లు ఈ పనికే హీలియం నింపిన మూసిన డబ్బాల్లో చక్రాలు తిప్పుతారని తర్వాత తెలిసింది, గాలి రాపిడి తగ్గడానికి. నా బేరింగులు మాత్రం పది నిమిషాలకే కాలిపోయేంత వేడెక్కేవి. ఆ పని వదిలేసింది అందుకు కాదు. చక్రానికి పట్టుదల ఉంది, మట్టం తెలియదు. వాలిన చోట నిలబెడితే వాలినట్టే పట్టుకుని ఉంటుంది. కెమెరా బరువు ఒక పక్కకు కొంచెం ఎక్కువైనా చాలు, మెల్లమెల్లగా ఇంకో దిక్కుకు తిరిగిపోతుంది.

1960లలో నెల్సన్ టైలర్ అనే ఆయన హెలికాప్టర్‌లో కెమెరా నిలపడానికి మౌంట్ చేస్తే ఆస్కార్ వాళ్లు సాంకేతిక పురస్కారం ఇచ్చారు. అప్పటికి ఇలాంటి బోర్డులూ లేవు, సెన్సర్లూ లేవు. బ్యాలెన్సు, అదురు ఆపడం, ఈ రెంటితోనే నడిచింది. ఎలక్ట్రానిక్స్ అక్కర్లేదని నా మాట కాదు. బ్యాలెన్స్ లేనిదాన్ని నిలబెట్టమని బోర్డును అడగొద్దు.

కొలిచి చెప్పు.

నీవా_వీడియో, చిత్తూరు

పెద్దాయనా, నమస్కారం. మీరు రాసింది చదివిన వెంటనే కొలిచాను. బరువు వేలాడదీస్తే నా రబ్బర్లు సాగింది పావు మిల్లీమీటర్ కూడా లేదు. కరెంటు తీసి 45 డిగ్రీలు వంచి వదిలితే కెమెరా తటాలున కిందికి పడిపోయింది. ఇన్నాళ్లూ మోటారే దాన్ని మోస్తోందన్నమాట.

ఇంకోటి కూడా దొరికింది. కెమెరా నుంచి పైకి వచ్చే హెచ్‌డీఎంఐ కేబుల్ లావుగా, బిర్రుగా ఉంది. దాన్ని పీకేసి చూస్తే రోల్ ఇరుసు (పక్కకు ఒరిగేది) ఒక్కసారిగా తేలికైపోయింది. సన్నటిది, వంగేది ఆర్డర్ పెట్టాను. ఇరుసు దగ్గర వదులుగా ఒక చుట్టు వేసి కడతాను.

హొరైజన్ గురించి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. నాకు ప్రాణం పోతున్నది అక్కడే.

సెన్సర్_పాఠాలు, తిరుపతి

నేను ఇంజినీరింగ్ కాలేజీలో సెన్సర్ల పేపరు చెబుతాను. మీ సెన్సర్ నకిలీది కాదు. అది తనకు తెలిసిన నిజాన్నే చెబుతోంది. మీరిచ్చిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి.

తిరుమల ఘాట్ రోడ్డు బస్సు ఎక్కినప్పుడు డ్రైవర్ ముందు వేలాడే నిమ్మకాయల దండను చూసే ఉంటారు. బస్సు నిలిచి ఉంటే తిన్నగా కిందికి వేలాడుతుంది. మలుపు తిరుగుతుంటే బయటి పక్కకు జరిగి, మలుపు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. బస్సు కిటికీలు మూసేసి, మిమ్మల్ని ఆ దండను మాత్రమే చూసి కింద ఎటో చెప్పమంటే మీరు తప్పు చెబుతారు. దండ తప్పు కాదది. భూమి లాగుడూ మలుపు లాగుడూ రెండూ కలిసి ఎటు ఉంటే అటే అది వేలాడుతుంది. మీ బోర్డు మీది యాక్సిలరోమీటర్ ఆ నిమ్మకాయల దండే.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం. వేగం 7, దాని వర్గం 49. వ్యాసార్ధం 50తో భాగిస్తే 0.98. భూమ్యాకర్షణ 9.8. అంటే మలుపు త్వరణం సరిగ్గా అందులో పదో వంతు. పదో వంతు వాలు అంటే 5.7 డిగ్రీలు. మీరు స్క్రీన్ మీద కొలిచింది ఐదు పైన! మీ కొలత చూసి నాకు చాలా సంతోషమేసింది. రేపు క్లాసులో ఇదే చెప్పబోతున్నాను.

మరి గైరో ఏం చేస్తున్నట్టు? గైరో ఎంత వేగంగా తిరుగుతున్నామో మాత్రమే చెబుతుంది. మీ చిప్‌లో చక్రం లేదు. సూక్ష్మమైన ముద్ద ఒకటి కంపిస్తూ ఉంటుంది, తిప్పినప్పుడు కొరియాలిస్ బలంతో అది పక్కకు తోసుకుంటుంది, దాన్ని కొలుస్తారు. ఆ వేగాన్ని క్షణక్షణం కూడుతూ పోతే ఇప్పుడు ఏ కోణంలో ఉన్నామో తెలుస్తుంది. కానీ కూడికలో చిన్న పొరపాటు ఉన్నా పోగుపడుతూ పోతుంది. అది పెరగకుండా బోర్డు యాక్సిలరోమీటర్‌ను చూసి మెల్లగా సర్దుకుంటుంది. మీరు ముప్పావు నిమిషం పాటు ఆగకుండా తిరుగుతున్నారు. అంతసేపూ యాక్సిలరోమీటర్ "కింద అంటే ఇటు" అని తప్పు దిక్కు చూపిస్తుంటే బోర్డు చివరికి నమ్మేస్తుంది. అందుకే పది సెకన్ల తర్వాత మొదలై మెల్లగా పెరుగుతోంది. డ్రోన్ ఆపాక అంతే మెల్లగా సర్దుకుంటోంది.

దీన్ని మీరే నిర్ధారించుకోవచ్చు. ఇప్పుడు మీ కెమెరా ప్రయాణ దిశలో చూస్తోంది, కాబట్టి మలుపు లాగుడు దానికి పక్క నుంచి తగిలి, ఎడమ గిరికీలో ఎడమకే ఒరుగుతోంది, మలుపులో మోటార్‌సైకిల్ ఒరిగినట్టు. అదే గిరికీని కెమెరాను వృత్తం మధ్యకు తిప్పి కొట్టండి. నా మాట నిజమైతే హొరైజన్ ఒరగదు. కెమెరా మెల్లగా తల దించుతుంది. సెన్సర్ పాడైతే ఇలా దిక్కును బట్టి మారదు.

మందు ఏమిటంటే, అన్నిటికన్నా సులువైనది వేగం తగ్గించడం. త్వరణం వేగం వర్గంతో మారుతుంది. సెకనుకు మూడున్నర మీటర్లకు దిగితే వాలు నాలుగో వంతు, 1.4 డిగ్రీలు. 4కే స్క్రీన్ ఈ చివరి నుంచి ఆ చివరికి ఇప్పుడు 380 పిక్సెళ్ల తేడా వస్తోంది, అది 96కు దిగుతుంది. చుట్టుకు తొంభై సెకన్లు పడుతుంది. కట్ట మీద అంత నిదానమే అందమని నా అభిప్రాయం.

రెండోది, మీ సాఫ్ట్‌వేర్‌లో గైరో ట్రస్ట్ లాంటి సెట్టింగ్ ఉంటుంది. పెంచండి. బోర్డు నిమ్మకాయల దండ మాట కాస్త తక్కువగా వింటుంది. మరీ పెంచితే నిలిచి ఉన్నప్పుడే హొరైజన్ జారడం మొదలవుతుంది, అక్కడి నుంచి వెనక్కి రండి. ఇది పెంచాక గైరో కాలిబ్రేషన్ మీద భారం పెరుగుతుంది. ఇంట్లో ఫ్యాను కింద చేసిన కాలిబ్రేషన్ కట్ట మీద ఎండలో పనికిరాదు, చిప్ వేడెక్కితే గైరో సున్నా అనుకునే చోటు పక్కకు తప్పుతుంది. అక్కడికి వెళ్లి, బోర్డుకు కరెంటు ఇచ్చి ఐదు నిమిషాలు వేడెక్కనిచ్చి, కదలకుండా పెట్టి అప్పుడు చేయండి.

మూడోది అసలైనది. డ్రోన్‌ను నడిపే బోర్డుకు, అంటే మీ ఫ్లైట్ కంట్రోలర్‌కు, జీపీఎస్ ఉంది, ఎంత వేగంతో ఎటు తిరుగుతున్నామో దానికి తెలుసు. మావ్‌లింక్ అనే పద్ధతిలో ఒక సీరియల్ వైరు గుండా ఆ సమాచారం తీసుకునే గింబల్ బోర్డులు ఉన్నాయి. అవి మలుపు లాగుడును తీసివేసి లెక్క వేసుకుంటాయి. మీది 32 బిట్ బోర్డు కాబట్టి ఉండే అవకాశం ఉంది, మాన్యువల్ చూడండి.

కుప్పం_గాలిపటం

అక్కా, అయితే నేను చెప్పిన సాఫ్ట్‌వేర్ హొరైజన్ లాక్‌తో పోదా? ఒక చిన్న సందేహం.

నీవా అన్నా, ఇంకో మాట. నీ డ్రోన్ 2 కిలోలు దాటే ఉంటుంది, సర్టిఫికెట్ ఉంది కాబట్టి మంచిదే. ఎగరేసే రోజు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ మళ్లీ చూసుకో. గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులు దాటొద్దు. రేణిగుంట విమానాశ్రయం దగ్గర్లో ఎత్తు ఇంకా తగ్గుతుంది. తిరుమల వైపైతే ఆలోచనే వద్దు.

సెన్సర్_పాఠాలు, తిరుపతి

తమ్ముడూ, ఆ సాఫ్ట్‌వేర్ కూడా మట్టం ఎటో తెలుసుకోవడానికి అలాంటి యాక్సిలరోమీటర్ డేటానే వాడుతుంది. అదే దండ, అదే మలుపు. ఐదు డిగ్రీలు తిప్పి సరిచేస్తే అంచులు కత్తిరించాలి కూడా. ఇక అదురు వల్ల ఒక్కో ఫ్రేములో బొమ్మ చెదిరిపోయి ఉంటే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. చివర్లో మిగిలిన అర డిగ్రీ సర్దడానికి మాత్రం నిక్షేపంగా వాడుకోవచ్చు.

నీవా_వీడియో, చిత్తూరు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మధ్యలో ముహూర్తాలు వరుసగా వచ్చాయి, అందుకే ఆలస్యం.

ముందు పరీక్ష సంగతి. మా ఊరి బయట బీడులో కెమెరాను మధ్యకు తిప్పి గిరికీ కొట్టాను. అక్క చెప్పినట్టే హొరైజన్ ఒరగలేదు, కెమెరా మెల్లగా తల దించింది. ఆ బీడులోనే కూర్చుని మూడుసార్లు చూశాను. నెల రోజుల టెన్షన్ అక్కడికక్కడే పోయింది. సెన్సర్ మీద లేనిపోని అనుమానం పెట్టుకున్నాను.

బ్యాలెన్స్‌కు ఒక రాత్రంతా పట్టింది. కెమెరా పళ్లెం బోల్టు రంధ్రాలను ఆకురాయితో నిలువు గాడిగా పొడిగించాను. కెమెరాను ఆరు మిల్లీమీటర్లు కిందికి దించాల్సి వచ్చింది. అయినా ఇంకా కొంచెం ముందుకు బరువుండేది. లెన్స్ వైపు కదా. పళ్లెం వెనక అంచున రెండు రూపాయల బిళ్ల ఒకటి డబుల్ టేపుతో అంటించాను. నిలిచింది. ఇంకా అనుమానంగా 30 డిగ్రీల దగ్గర వదిలాను, 60 దగ్గర వదిలాను, నిట్టనిలువునా వదిలాను. చెయ్యి తీస్తే ఎక్కడిదక్కడే ఉంది. మా ఆవిడ నిద్రలేచి వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే తనను కూడా వదిలి చూడమన్నాను. తను లెన్స్ ఆకాశం వైపు తిప్పి వదిలింది. అలాగే ఆకాశం చూస్తూ ఉండిపోయింది. కరెంటు లేకుండానే! తర్వాత కరెంటు ఇచ్చి కిందికి దించితే మోటార్లలో చప్పుడే లేదు. పవర్ విలువ దాదాపు సగానికి తగ్గించినా పట్టు పోలేదు.

పాత రబ్బరు బుష్‌ల బదులు గింబల్ కోసమే అమ్మే మెత్తటి రబ్బరు బంతులు ఎనిమిది తెప్పించాను. ఎనిమిదీ పెడితే ఒకటిన్నర మిల్లీమీటర్లే సాగింది. నాలుగు తీసేసి, మిగిలిన నాలుగింటినీ మూలలకు జరిపితే 3 మిల్లీమీటర్లు. పెద్దాయన లెక్కలో సెకనుకు 9 ఊపులు. తాడు కూడా కట్టాను. ప్రొపెల్లర్లలో రెండు బాగా తేడాగా ఉన్నాయి, ఒకదానికి మూడు టేపు ముక్కలు పట్టాయి. ఇప్పుడు ఫుల్ థ్రాటిల్ ఇచ్చినా జెల్లీ లేదు. గాలి గట్టిగా ఉన్నప్పుడు పల్చగా కనిపిస్తోంది, అది నేను భరించగలను.

పోయిన ఆదివారం పొద్దున ఆరున్నరకు కట్ట మీదికి వెళ్లాను. మామ కూడా వచ్చాడు. బోర్డుకు కరెంటు ఇచ్చి, కట్ట రాళ్ల మీద చదునైన చోట పెట్టి, ఐదు నిమిషాలు ఆగి కాలిబ్రేట్ చేశాను. వేగం మూడున్నర. గైరో ట్రస్ట్ మొదట ఉన్నదానికి రెండింతలు. మనుషులెవరూ లేని చోటు చూసుకుని, 60 మీటర్ల ఎత్తులో నిలిపి గిరికీ మొదలుపెట్టాను. రెండో చుట్టులో అనుకున్నది వచ్చింది. చివర్లో వాలు కొలిస్తే ఒక డిగ్రీకి లోపలే ఉంది, దాన్ని ఎడిటింగ్‌లో సర్దాను. సీరియల్ వైరు పని ఇంకా చేయలేదు. నా బోర్డు మాన్యువల్‌లో మావ్‌లింక్ ఉంది, ఆ పేజీలు చదువుతున్నాను, అక్కడ సందేహాలొస్తే మళ్లీ అడుగుతాను అక్కా.

ఆ సాయంత్రమే మామ ఇంట్లో టీవీకి తగిలించి చూపించాను. నీళ్లు వచ్చాయి, కొండ వచ్చింది. పొలాలు రాగానే ఆయన లేచి టీవీ దగ్గరికి వెళ్లి ఆపమన్నాడు. ఆపాను. కట్ట పొడుగునా వేలు పెట్టి, "ఇదిగో ఇక్కడ కారింది. ఇక్కడ ఇసుక మూటలు వేసినారు. ఇదిగో ఈ దోవన మీ అత్తను పంపించినా" అని అత్తకే చూపించాడు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. నాలుగుసార్లు చూశాక, చెరువు నిండి మొరవ పోయేటప్పుడు ఇంకోసారి తీయమని అడిగాడు. వాన వెలిసిన రోజు తీస్తానని చెప్పాను.

చేతుల కొలతలు, రంధ్రాల దూరాలు కాగితం మీద వేసి పెట్టాను. కావలసినవాళ్లు అడిగితే ఫోటో తీసి ఇక్కడే పెడతాను. ఎవరైనా చేసేటట్టయితే పళ్లేనికి మొదటి నుంచే నిలువు గాడి పెట్టుకోండి, ఆకురాయితో అరగదీయడానికి నాకు రెండు గంటలు పట్టింది.